కళ్ళు దాచే అంచు

టోపీల షెడ్డు, కుట్టు గది
వానలు మొదలైన వారం

అన్నయ్యా,

ఫోన్లో అయితే నేను గొంతు పెంచగానే "సిగ్నల్ లేదు" అని పెట్టేస్తావు. అందుకే ఉత్తరం. కాగితానికి సిగ్నల్ గొడవ లేదు, చివరిదాకా చదివి తీరాలి.

షెడ్డు కారుతోంది. నాన్న పనిచేసిన ఆవిరి గదిలో ఇప్పుడు అట్టపెట్టెలు పేర్చారు. ఆయన అదిమిన ఉన్ని ఫెల్టుని ఆవిరికి పట్టి చెక్కదిమ్మ మీదికి లాగుతుంటే గదంతా తడి ఉన్ని వాసన వచ్చేది, గుర్తుందా? ఆ టోపీలు ఇంకెవరూ కొనట్లేదు. ఇప్పుడు మేం చేసేవన్నీ యూనిఫాం టోపీలే. బ్యాండు మేళంవాళ్ళకి, హోటల్ తలుపు తీసేవాళ్ళకి, కాపలావాళ్ళకి. తల ఎవరిదైనా ఒకటే, పైన బిళ్ళ మారుతుంది.

మా సూపర్‌వైజరుని మేం ఇస్త్రీ అంటాం. ఈ ఉక్కలో అందరం పిండిన గుడ్డల్లా ఉంటే ఆయన చొక్కా మాత్రం నలగదు. పోయిన వారం కాపలా టోపీల ఆర్డరొచ్చింది. కళ్ళకి నీడ పట్టే ముందు అంచు ఉంటుంది చూడు, మామూలుగా దాన్ని కాస్త వంచి కుడతాం. ఇస్త్రీ వచ్చి "ఇంకా కిందికి" అన్నాడు. దించాను. "ఇంకా." దించాను. "ఇంక దింపితే వాడి ముక్కు మీద కూర్చుంటుంది సార్" అన్నాను.

"కూర్చోనీ. కళ్ళు కనపడకూడదు. కళ్ళు కనపడితే అవతలివాడు బతిమాలడం మొదలెడతాడు."

"మరి వీడికెలా కనపడుతుంది?"

"గడ్డం ఎత్తి చూస్తాడు. గడ్డం ఎత్తితే ఛాతీ అదే లేస్తుంది. కుట్టవే నోరు మూసుకుని."

విన్నావా? మనిషికి పొగరు నేర్పక్కర్లేదట, అంచు కిందికి కుడితే చాలట. నాకు ఒళ్ళు మండి సూది వేల్లో దిగింది.

అసలు సంగతి. ఆ ఆర్డరు మీ మిల్లుకే. గేటు మూసేశారట, పనివాళ్ళని లోపలికి రానివ్వట్లేదట. మామయ్య కూడా బయటే ఉన్నాడట. నాన్నకి అంత దగ్గర స్నేహితుడు, చిన్నప్పుడు మనల్ని ఎత్తుకుని తిప్పినాయన, ఆ మగ్గాల దగ్గరే చెవుడు తెచ్చుకున్నాడు. నువ్వు స్టోరు గుమాస్తావి కాబట్టి నీకు పని ఉండి ఉంటుంది. ఒక్కసారి బయటికి వెళ్ళి ఆయన్ని పలకరించు. గేటుకి ఏ పక్కన ఉన్నావో కూడా రాయి.

నీ చెల్లి

•

మిల్లు, స్టోరు గది

సూదీ,

నీ ఉత్తరం చదివితే నీ గొంతు వినిపించింది. చెవి ఇంకా మోగుతోంది.

స్టోరు వెనకవైపు ఎక్కడో ఉంటుంది. గేటు సంగతులు నాకేం తెలీవు. మామయ్య కనపడలేదు. కనపడితే నువ్వు అడిగావని చెప్తాలే. ఇక్కడ తిండి పరవాలేదు. పడక ఇరుకు. రోజంతా నిలబడి నిలబడి కాళ్ళు లాగేస్తున్నాయి.

ఒక మాట అడగాలి. ఇక్కడొకతనికి టోపీ పెట్టుకుంటే సాయంత్రానికి తల పగిలిపోతోందట. నుదుటి మీద ఎర్రగా గీత పడుతోంది. మా చెల్లి టోపీల్లో పండితురాలు, అడిగి చెప్తానన్నాను. వీలుంటే రాయి. లేకపోయినా సరే.

అన్న

•

కుట్టు గది, కరెంటు పోయిన మధ్యాహ్నం

అన్నయ్యా,

గుమాస్తాకి రోజంతా నిలబడే పనేమిటి? మీ స్టోర్లో కుర్చీలు కూడా తాళం పెట్టారా?

మీ అతని తలనొప్పి సంగతి చెప్తాను. తలలు గుండ్రంగా ఉంటాయని టోపీల కంపెనీలు అనుకుంటాయి. కొన్ని ఉంటాయి. మన ఇంట్లో తలలు పడవల్లా పొడుగు. పొడుగు తల గుండ్రటి టోపీలో పెడితే ముందూ వెనకా నొక్కుతుంది, పక్కల్లో వేలు పట్టేంత సందు ఉంటుంది. టోపీది తప్పు, తల పగిలేది మనది. ఒక సైజు పెద్దది తీసుకుని, లోపలి తోలు పట్టీ వెనక రెండు పక్కలా గుడ్డ పీలికలు దోపుకోమను. నీ స్కూలు టోపీకి నాన్న చేసిచ్చాడుగా, అలా.

ఇప్పుడు నాకు తెలిసింది నీకు చెప్పకపోతే నిద్ర పట్టదు. పాత పుస్తకాల బండి మీద టోపీల బొమ్మల పుస్తకం ఒకటి దొరికింది. ఇంగ్లీషు. నిఘంటువు పక్కన పెట్టుకుని మాట మాటా తవ్వుతున్నాను. ఒక్కో పేజీకి ఒక్కో రకంగా కోపం వస్తోంది.

ఆ గుండుగా, గట్టిగా, బోర్లించిన గిన్నెలా ఉండే బౌలర్ టోపీ ఉంది చూడు. బ్యాంకు దొరలదని అనుకుంటాం కదా? దాన్ని మొదట చేసింది కాపలావాళ్ళకి! ఎవరో జమీందారు తన వేట అడవికి కాపలా పెట్టాడు. వాళ్ళు పొడుగు టోపీలు పెట్టుకుని గుర్రాల మీద తిరిగితే కొమ్మలు తగిలి పడిపోతున్నాయి. కొమ్మ తగిలినా, ఎవడైనా కర్రతో కొట్టినా తట్టుకునే టోపీ కావాలన్నాడు. చేసి తెస్తే నేల మీద పడేసి కాలితో తొక్కి చూశారట. పగల్లేదట, కొన్నారట. అడవిలో కుందేలు పట్టుకునే ఆకలిగొన్న వాడి నుంచి దొరగారి కుందేళ్ళని కాపాడే టోపీ అది. తర్వాత అదే పట్నం వచ్చి గుమాస్తాల నెత్తికెక్కింది, ఆ తర్వాత పెద్దమనుషులకి గౌరవం అయింది. తొక్కి చూసిన సంగతి ఎవడికీ గుర్తులేదు.

ఇంకోటి. నాలుగొందల ఏళ్ళ కిందట ఒక దేశంలో చట్టం చేశారు, సెలవు రోజున మామూలు జనం ఉన్ని టోపీ పెట్టుకోకపోతే జరిమానా అని. గొప్పవాళ్ళకి మినహాయింపు. ఎందుకో తెలుసా? ఉన్ని అమ్ముడుపోవాలని. చట్టం పోయింది, పేదవాడి నెత్తిన చదును టోపీ మాత్రం ఉండిపోయింది. తర్వాత దాన్నే చూసి "వీడు కూలివాడు" అని గుర్తుపట్టడం నేర్చుకున్నారు. పెట్టించిందీ వాళ్ళే, చూసి నవ్విందీ వాళ్ళే.

ఇక పొడుగాటి పొగగొట్టం టోపీ. నీటి జంతువుల బొచ్చుతో చేసేవాళ్ళు. బొచ్చు మెత్తబడాలని పాదరసం వాడితే పనివాళ్ళ చేతులు వణికేవి, మతి తప్పేది. పెట్టుకున్నవాడు ఆరడుగులు కనపడేవాడు, చేసినవాడు గ్లాసుడు నీళ్ళు ఒలక్కుండా తాగలేకపోయేవాడు.

ఇదంతా పక్క బల్ల అక్కకి చెప్తే "నీకు పెళ్ళి చేస్తే గానీ ఈ పిచ్చి కుదరదు" అంది. నవ్వొచ్చింది. తర్వాత రాలేదు. చేతులు నొప్పి.

మామయ్యని చూశావా లేదా? ఒక్క ముక్కలో రాయి.

నీ చెల్లి

•

మిల్లు

సూదీ,

అతనికి తలనొప్పి తగ్గింది. నీకు దండాలు చెప్పమన్నాడు.

పేపర్లో రాసినవి నమ్మకు. గేటు దగ్గర పెద్ద గొడవేం లేదు. వస్తారు, అరుస్తారు, పోతారు. అందరికీ విసుగొచ్చేసింది. లోపలివాళ్ళకీ బయటివాళ్ళకీ. మామయ్య గురించి పదే పదే అడక్కు.

బౌలర్ టోపీ సంగతి బాగుంది. కానీ నాకు టోపీల కథలు చెప్పకు కొన్నాళ్ళు. కళ్ళు మూసుకుంటే టోపీలే కనిపిస్తున్నాయి.

అన్న

•

కుట్టు గది
చలి మొదలైంది

మిల్లు గేటు కాపలాదారు గారికి,

అయ్యా, తమరి టోపీ రిపేరుకి వచ్చింది. గోనెసంచిలో మిగతా చినిగిన టోపీలతో పాటు కుమ్మరిస్తే నా బల్ల మీద పడింది. ముందు అంచు సగం ఊడి వేలాడుతోంది, పైన గుండీ లేదు, అంతా బురద. ఎవరో గట్టిగానే పట్టుకుని లాగినట్టున్నారు.

ఎవరిదో చూడకుండానే విప్పడం మొదలుపెట్టాను. లోపలి తోలు పట్టీకి నుదుటి దగ్గరా మెడ దగ్గరా చెమట పట్టి నల్లబడింది, పక్కల్లో కొత్తగా ఉంది. పొడుగు తల అనుకున్నాను. లోకంలో పొడుగు తలలు బోలెడు, నాకేం. తర్వాత పట్టీ వెనక వేలు పెట్టాను. రెండు పీలికలు. చొక్కా కాలరు గుడ్డ, మూడు మడతలు వేసి, కొస లోపలికి దోపి, గోటితో నొక్కి. అలా మడత పెట్టేవాడు ఒక్కడే ఉండేవాడు, పోయాడు. ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్ళం ఇద్దరం. నేను పెట్టలేదు.

ఎడమ పీలిక కాస్త లావు. నిచ్చెన మీంచి పడితే తమరి తలకి సొట్ట పడింది ఆ పక్కనే కదండీ. ఆ పీలికలు చింపిన నీలిగీతల చొక్కా తమరికి కుట్టి ఇచ్చిందీ నేనే.

స్టోరు గది ఎలా ఉంది సార్? సామాన్లన్నీ లెక్కకి సరిపోతున్నాయా?

తమరి టోపీ బాగుచేసి పంపడం మా డ్యూటీ. చేస్తాం. ఇంకేమైనా సేవ ఉంటే సెలవివ్వండి.

కుట్టు గది, కిటికీ పక్క బల్ల

•

గేటు పక్క గది

నాకు 'తమరు' పెడతావా? పెట్టు. నీ నోరు నీ ఇష్టం.

స్టోరు గుమాస్తా అని పిలిచారు. వచ్చిన కొన్నాళ్ళకే స్టోరుకి తాళం వేశారు. టోపీ, కర్ర చేతిలో పెట్టి "ఇదుంది, చేస్తావా పోతావా" అన్నారు. పోతే ఎక్కడికి పోవాలి? మన ఆవిరి గదికా? అందులో అట్టపెట్టెలు పెట్టారని నువ్వే రాశావు.

నీకు చెప్పలేదు. చెప్తే ఇదిగో, ఇలాంటి ఉత్తరం వస్తుందని తెలుసు.

టోపీ లాగింది మామయ్యే. అదే కదా నీకు కావాల్సింది, ఒక్క ముక్కలో. గేటు తోసుకుంటూ వచ్చారు. ముందు ఆయనే ఉన్నాడు. ఆ అంచు కింద నాకు ఆయన చొక్కా గుండీలు మాత్రమే కనపడ్డాయి. ఆయనకి నా గడ్డం మాత్రమే కనపడి ఉంటుంది. లాగాడు, టోపీ ఊడింది. నేను వెంటనే మొహం తిప్పేసుకున్నాను. పక్కవాడి కర్ర ఆయన మణికట్టు మీద పడింది. నేను కొట్టలేదు. ఆపలేదు కూడా. మొహం తిప్పుకుని ఉన్నాను కదా.

ఇన్నాళ్ళూ ఆయన రోజూ నాకు పది అడుగుల దూరంలో కూర్చుని ఉన్నాడు. నన్ను చూడలేదు. ఆ అంచు పుణ్యమా అని.

ఆ అంచు కుట్టిందెవరే? నీ చేతి కుట్టు నాకు తెలీదా? రెండు కుట్లు దగ్గరగా, మూడోది దూరంగా, చిన్నప్పటినుంచీ అంతే. టోపీ చేతికొచ్చిన రోజునే చూశాను. నా చెల్లి కుట్టిన టోపీ అని నెత్తిన పెట్టుకున్నాను. నేను నిలబడ్డాను, నువ్వు కూర్చున్నావు. అంతే తేడా.

తిట్టడానికి ఇంకేమైనా మిగిలితే రాయి. చదువుతాను. చాలా అలిసిపోయి ఉన్నాను.

•

కుట్టు గది

అన్నయ్యా,

నీ ఉత్తరం జాకెట్లో పెట్టుకుని పనిచేశాను. 'నువ్వు కూర్చున్నావు' అన్న మాట కుచ్చుకుంటూనే ఉంది.

ఇస్త్రీ "కిందికి" అన్నప్పుడు వేల్లో సూది దిగిందని రాశాను. దిగింది నిజమే. రక్తం తుడుచుకుని కుట్టిందీ నిజమే. కొన్ని వందల టోపీలు కుట్టాను అలా. పుస్తకంలో ఎప్పుడో చచ్చిపోయిన దొరల మీద మండిపడుతూ, చేత్తో ఈ అంచు దించుతూ.

నీ టోపీ రేపటి మూటలో వస్తుంది. పీలికలు ఉతికి, అదే మడత పెట్టి, అక్కడే దోపాను. గుండీ వేశాను. అంచు పూర్తిగా విప్పేసి చదునుగా కుట్టాను. ఇస్త్రీ చూడలేదు. ఇప్పుడు నువ్వు గడ్డం ఎత్తక్కర్లేదు. మామూలుగా నిలబడితే వాళ్ళ మొహాలు నీకు కనపడతాయి, నీ మొహం వాళ్ళకి కనపడుతుంది.

ఉద్యోగం మానెయ్యమని రాయట్లేదు. ఆ మాట అనే హక్కు నీ ఉత్తరంతో పోయింది. పెట్టుకుంటే పెట్టుకో. భయమేస్తే నువ్వే కిందికి వంచుకో, అంచులో అట్ట ఇంకా మెత్తగానే ఉంది.

మామయ్య చెయ్యి ఎలా ఉంది?

నీ చెల్లి

•

మిల్లు బయట, టీ బంకు బల్ల

సూదీ,

టోపీ వచ్చింది. రెండు రోజులు పెట్టెలోనే ఉంచి, ఇంకొకడి దగ్గర అరువు తీసుకుని పెట్టుకున్నాను. వాడిది గుండ్రటి తల. తలనొప్పి భరించలేక మూడో రోజు నీ టోపీ తీశాను. ధైర్యం అనుకోకు. తలనొప్పి.

ఎంత వెలుతురే! ఆ అంచు కింద అన్ని నెలలు ఉన్నాక ఎండ మొహాన కొట్టినట్టుంది. గేటవతల అందరూ కనపడ్డారు. ఇదివరకు నాకు చొక్కాలే తెలుసు. నీలం చొక్కా, చినిగిన చొక్కా. చినిగిన చొక్కాకి ఒక మొహం ఉంది, దానికి మెల్లకన్ను ఉంది. ఇద్దరు చదరంగం ఆడుతున్నారు. ఒకామె పిల్లకి జడ వేస్తోంది. నన్ను చూసి వాళ్ళూ ఆగారు. నా మొహం వాళ్ళకి కొత్త.

మామయ్య లేచి వచ్చాడు. మణికట్టుకి కట్టు ఉంది. ఊచల దగ్గరికొచ్చి చాలాసేపు చూశాడు. తిడతాడనుకున్నాను. ఉమ్మేస్తాడనుకున్నాను. ఆయనకి చెవుడు కదా, గట్టిగా అరిచినట్టే మాట్లాడతాడు, మిల్లంతా వినపడేట్టు.

"టోపీల మేస్త్రి కొడుకువేంట్రా నువ్వు?"

అవునని తలూపాను.

"ఆ తలకాయ చూసే అనుకున్నా. అచ్చు మీ నాన్న తలకాయే, పడవ." తర్వాత, "తిన్నావా?" అన్నాడు.

అంతే. వెనక నుంచి మా తోటి కాపలావాడు "ఏంట్రా ముచ్చట్లు" అని అరిచాడు. నేను టోపీ తీసి స్టూలు మీద పెట్టాను. కర్ర దాని పక్కన పెట్టాను. చిన్న తలుపు తీసుకుని బయటికొచ్చాను.

నువ్వు ఏదేదో ఊహించుకోకు. నన్నెవరూ భుజాల మీద ఎక్కించుకోలేదు. ఆ జడ వేసే ఆమె నా కాళ్ళ దగ్గర ఉమ్మింది. చదరంగం వాళ్ళు జరిగి చోటివ్వలేదు. మామయ్య ఒక్కడే తన పొట్లంలో సగం నా చేతిలో పెట్టి, మళ్ళీ తన చోట కూర్చున్నాడు. నేను కొంచెం దూరంలో కూర్చున్నాను. ఇవాళా అక్కడే కూర్చున్నాను. రేపు ఎక్కడో తెలీదు.

నెత్తి మీద ఏం లేకపోతే చలిగా ఉంది.

అన్న

•

కుట్టు గది, చివరి బల్ల

అన్నయ్యా,

బల్ల మారింది చూశావా? కిటికీ పోయింది. ఇప్పుడు బాత్రూం తలుపు పక్కన. ఎందుకో చెప్తాను.

నీ టోపీ మళ్ళీ వచ్చింది. ఈసారి ఒక్కటే, ఇస్త్రీ స్వయంగా రెండు వేళ్ళతో పట్టుకుని తెచ్చాడు, చచ్చిన ఎలకని పట్టుకున్నట్టు. లోపల సుద్దముక్కతో కొత్త సైజు రాసి ఉంది. చిన్నది, గుండ్రం. నువ్వు వదిలిన స్టూలు దగ్గరికి ఇంకెవరో వచ్చేశారు. అంత తొందరగా.

"ఈ అంచు చదునుగా వేసిందెవరు?"

"నేనే సార్."

"పొరపాటా?"

"కాదు సార్, చూసే వేశాను."

గది మొత్తం కుట్టుమిషన్లు ఆగిపోయాయి. "విప్పి కిందికి వెయ్" అన్నాడు.

లోపలి పీలికలు రెండూ తీసి నా చేతిలో పెట్టుకున్నాను. సైజు తగ్గించి ఇచ్చాను. కొత్తవాడి తల నొప్పెట్టకూడదు, వాడు నాకేం చేశాడు? అంచు మాత్రం ముట్టలేదు. "కిందికి నేను వెయ్యను సార్. కావాలంటే నన్ను పంపించెయ్యండి" అన్నాను. గొంతు పెంచలేదు. పెంచే ఓపిక లేదు.

ఆయన టోపీ తీసుకెళ్ళి పక్క బల్ల అక్క ముందు పడేశాడు. నాకు పెళ్ళి చెయ్యాలన్న అక్కే. ముగ్గురు పిల్లలు ఆమెకి, ఒక్క పూట పని పోయినా కుదరదు. ఆమె కుడుతుందనుకున్నాను, కుట్టినా ఏమీ అనుకోకూడదనీ అనుకున్నాను. టోపీని అటూ ఇటూ తిప్పి చూసి, "దారం అయిపోయింది సార్" అంది. ఆమె ఎదురుగా నల్లదారం ఉండ కొబ్బరికాయంత ఉంది. తర్వాతి బల్ల ఆమెకి హఠాత్తుగా కళ్ళు మసకలొచ్చాయి. ఆ తర్వాతి ఆమె సూది విరిగింది, మా కళ్ళ ముందే విరిచింది. ఎవరూ ఏమీ మాట్లాడుకోలేదు. ముందు అనుకున్నదీ లేదు. టోపీ బల్లలన్నీ తిరిగి మళ్ళీ ఇస్త్రీ చేతికే వచ్చింది.

అప్పుడాయన చొక్కా చేతులు పైకి మడిచి, కూర్చుని, తనే కుట్టాడు. మేం పని చేస్తున్నట్టు నటిస్తూ చూశాం. ఎప్పుడో నేర్చుకున్నట్టున్నాడు, మర్చిపోయాడు. బొటనవేలు రెండుసార్లు పొడుచుకున్నాడు. ఆ తెల్లచొక్కా మీద చుక్క పడింది. మొదటిసారి నలిగింది కూడా. కుట్టి లేచాక చూస్తే అంచు ఒక పక్క కిందికి దిగింది, రెండో పక్క ఎక్కడిదక్కడే ఉండిపోయింది. అక్క దగ్గు వచ్చినట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆయనా చూసుకున్నాడు, ఏమనుకున్నాడో, అలాగే మూటలో పడేసి వెళ్ళిపోయాడు. సాయంత్రం నా బల్ల మార్చారు. పంపించెయ్యలేదింకా. రేపటి సంగతి నాకూ తెలీదు.

మర్నాడు మిగతా టోపీల అంచులు యథాప్రకారం కిందికే కుట్టారు అందరూ. దారం దొరికింది, కళ్ళు బాగుపడ్డాయి. నాకు గుండీల పని ఇచ్చారు. ఏదో మారిపోయిందని నీకు రాయలేను. కానీ మీ గేటు దగ్గర నిలబడే ఆ కొత్తవాడికి ఒక కన్ను మాత్రం బయటికి కనపడుతుంది. మామయ్యకి చెప్పు, ఆ కంటి వైపు కూర్చోమను.

ఇంకోటి. అట్టపెట్టెలు జరిపి ఆవిరి గదిలోకి వెళ్ళాను. నాన్న తన టోపీకి చేసుకున్న చెక్కదిమ్మ మూలన అలాగే ఉంది, పడవలా. ఇంట్లో గూట్లో పడి ఉన్న ఆయన ఫెల్టు టోపీ తెచ్చి కెటిల్ ఆవిరి పట్టి దాని మీదికి లాగాను. నాకు ఆయనంత చెయ్యి తిరగదు, ఒక పక్క కాస్త ముడత ఉండిపోయింది. ఆ దిమ్మ మీద చేసిన టోపీకి పీలికలు అక్కర్లేదు. నీ రెండు పీలికలూ మామయ్య చేతి కట్టు కింద మెత్తగా ఉంటాయని ఈ కవర్లో పెట్టాను.

టోపీ మాత్రం పోస్టులో పంపను, నలుగుతుంది. వచ్చి పెట్టుకో.

నీ చెల్లి